పొద్దున్నే ఒక చిన్న మాత్ర

ధవళేశ్వరం దగ్గర గోదావరి మీద ఆనకట్ట ఉంది. మొదటి ఆనకట్టను కాటన్ దొర కట్టించాడు. అది 1852లో పూర్తయింది. ఇప్పుడు అక్కడ కొత్త బ్యారేజీ ఉంది. దానికీ కాటన్ దొర పేరే పెట్టారు. అక్కడి నుంచి నీరు తూర్పు డెల్టాకు, మధ్య డెల్టాకు, పశ్చిమ డెల్టాకు కాలువల్లో వెళుతుంది.

నీరు తక్కువైతే నారు ఎండుతుంది. ఎక్కువైతే చేను మునిగి కుళ్లుతుంది. చేనుకి నీరు సరిపడా ఉండాలి. సమయానికి అందాలి. ఈ సంగతి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మన ఒంట్లో కూడా ఇలాంటి ఏర్పాటు ఒకటి ఉంది. దాని గురించే ఈ పాఠం.

గొంతులోని తూము

మెడ ముందు భాగంలో, గొంతు కింద ఒక చిన్న గ్రంథి ఉంది. సీతాకోకచిలుక రెక్కలు చాపినట్టు ఉంటుంది. దాని పేరు థైరాయిడ్ గ్రంథి.

ఈ గ్రంథి ఒక రసాన్ని తయారు చేస్తుంది. దాన్ని హార్మోను అంటారు. అది రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలి? తిన్న తిండి ఎంత త్వరగా శక్తిగా మారాలి? ఒంట్లో వేడి ఎంత ఉండాలి? ఈ పనులన్నిటికీ ఆ రసం కావాలి. కడుపులో బిడ్డ మెదడు ఎదగడానికి కూడా అది కావాలి.

కొందరిలో ఈ రసం తగ్గిపోతుంది. మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో ఈ జబ్బు ఎక్కువ.

ఎలా తెలుస్తుంది?

ఈ జబ్బు మెల్లగా వస్తుంది. అందుకే త్వరగా కనిపెట్టలేము.

ఎంత పడుకున్నా అలసట తీరదు. తిండి పెరగకపోయినా బరువు పెరుగుతుంది. అందరికీ ఉక్కపోస్తుంటే తనకొక్కదానికే చలి వేస్తుంది. జుట్టు రాలుతుంది. చర్మం పొడిబారుతుంది. ముఖం ఉబ్బుతుంది. గొంతు బొంగురుపోతుంది. విరేచనం సాఫీగా కాదు. ముట్టు ఎక్కువ అవుతుంది, లేదా తప్పుతుంది. మతిమరుపు వస్తుంది. ఏడుపొస్తుంది, ఎందుకో తెలియదు. కొందరికి గర్భం నిలవదు.

భీమవరం వైపు రొయ్యల షెడ్లలో ఎంతోమంది ఆడవాళ్లు పని చేస్తారు. రోజంతా ఐసులో చేతులు పెట్టాలి. చలి వేస్తే "ఐసు వల్లే" అనుకుంటారు. నాట్లకు వెళ్లే ఆడవాళ్లు నడుం వంచి పని చేస్తారు. నీరసం వస్తే "పని వల్లే" అనుకుంటారు. ఇంట్లో వాళ్లేమో "బద్ధకం" అంటారు.

అది బద్ధకం కాకపోవచ్చు. జబ్బు కావచ్చు. రక్తం పరీక్ష చేస్తేనే తేలుతుంది.

అంకె పెరిగితే రసం తగ్గినట్టు

ఆ పరీక్ష పేరు టి.ఎస్.హెచ్. ఇక్కడ చాలామంది పొరబడతారు. కాగితం మీద అంకె ఎక్కువ ఉంటే "నాకు థైరాయిడ్ ఎక్కువైంది" అంటారు. సాధారణంగా అది తిరగేసిన లెక్క.

టి.ఎస్.హెచ్. థైరాయిడ్ చేసే రసం కాదు. తల లోపల, మెదడు కింద ఇంకో చిన్న గ్రంథి ఉంది. థైరాయిడ్ చేత పని చేయించేది అదే. అది పంపే కబురే టి.ఎస్.హెచ్.

చేలో నీరు ఉన్నప్పుడు రైతులు నెమ్మదిగా మాట్లాడతారు. నీరు తగ్గితే? లాకుల దగ్గరకు పోయి లష్కరు మీద కేకలు వేస్తారు. నీరు ఎంత తగ్గితే కేక అంత పెద్దది. టి.ఎస్.హెచ్. అలాంటి కేక. కేక పెరిగిందంటే రసం తగ్గిందని అర్థం. మాత్ర సరిపడితే కేక తగ్గుతుంది. మాత్ర మరీ ఎక్కువైతే కేక అసలు వినిపించదు. అదీ మంచిది కాదు.

ఎందుకు వస్తుంది?

కారణాలు కొన్ని ఉన్నాయి.

ఒంటిని కాపాడే శక్తి ఒక్కోసారి పొరబడుతుంది. సొంత గ్రంథినే శత్రువు అనుకుని దెబ్బ తీస్తుంది. ఇప్పుడు చాలామందిలో కనిపించే కారణం ఇదే. ఇందులో ఆమె తప్పేమీ లేదు. కొందరికి ఆపరేషన్ చేసి గ్రంథిని తీసేస్తారు. కొందరు పిల్లలు పుట్టుకతోనే ఈ లోపంతో పుడతారు.

మరో కారణం అయోడిన్ లోపం. థైరాయిడ్ తన రసం తయారు చేయాలంటే అయోడిన్ కావాలి. అది చాలకపోతే గ్రంథి ఉబ్బి గొంతు వాస్తుంది. హిమాలయాల దగ్గర ఊళ్లలో ఒకప్పుడు ఈ వాపు చాలామందికి ఉండేది. వానలు, వరదలు మట్టిలోని అయోడిన్‌ను కడిగేయడమే కారణం.

దీనికి దారి చూపినవారిలో మన తెలుగాయన ఒకరు. ఆయన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. 1921లో శ్రీకాకుళంలో పుట్టారు. విశాఖపట్నంలో డాక్టరు చదువు చదివారు. 1956లో హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయలో ఆయనా, తోటి డాక్టర్లూ ఒక పని మొదలుపెట్టారు. కొన్ని ఊళ్లకు అయోడిన్ కలిపిన ఉప్పు ఇచ్చారు. కొన్ని ఊళ్లకు మామూలు ఉప్పు ఇచ్చారు. కొన్నేళ్ల తరువాత చూశారు. అయోడిన్ ఉప్పు తిన్న ఊళ్లలో గొంతువాపు బాగా తగ్గింది. 1962లో ప్రభుత్వం గొంతువాపు నివారణ పథకం మొదలుపెట్టింది.

"మనకు సముద్రం దగ్గరే కదా!" అనుకోవచ్చు. నౌపడలో, చినగంజాంలో ఉప్పు పండుతుంది. కాని సముద్రపు నీటితో చేసిన ఉప్పులో అయోడిన్ సరిపడా ఉండదు. దాన్ని విడిగా కలపాలి. అందుకే అయోడిన్ ఉప్పు ప్యాకెట్టే కొనాలి. మూత ఉన్న డబ్బాలో పోసుకోవాలి.

ఒక్క మాట మరిచిపోవద్దు. అయోడిన్ ఉప్పు జబ్బు రాకుండా కాపాడటానికి. దెబ్బతిన్న గ్రంథికి అది మందు కాదు. మాత్ర మాని ఉప్పు ఎక్కువ తింటే జబ్బు తగ్గదు. రక్తపోటు పెరుగుతుంది.

మాత్ర ఎలా వచ్చింది?

ఒకప్పుడు ఈ జబ్బుకు మందు లేదు. 1891లో ఇంగ్లండులో జార్జి ముర్రే అనే డాక్టరు ఒక ప్రయత్నం చేశాడు. గొర్రె మెడలోని థైరాయిడ్ గ్రంథి నుంచి రసం తీశాడు. దాన్ని ఒక ఆడమనిషికి సూదిమందుగా ఇచ్చాడు. అప్పటికి ఆమె వయసు 46 ఏళ్లు. ఆ మందుతో ఆమె తేరుకుంది. మరో 28 ఏళ్లు బతికింది.

1914లో అమెరికాలో కెండాల్ అనే శాస్త్రవేత్త ఆ రసంలోని అసలు పదార్థాన్ని వేరు చేశాడు. తరువాత దాన్ని గొర్రెలతో పని లేకుండా తయారు చేయడం నేర్చుకున్నారు. ఇప్పుడు మనం వేసుకునే మాత్ర అదే. మందు పేరు లెవోథైరాక్సిన్. కంపెనీని బట్టి ఎల్ట్రాక్సిన్, థైరోనార్మ్ లాంటి పేర్లతో అమ్ముతారు.

ఒంట్లో తయారు కావలసిన రసాన్నే బయటి నుంచి ఇస్తున్నాం. అంతే. ఇది మత్తుమందు కాదు. అలవాటు చేసే మందు కాదు.

ఒక ఇంటి సంగతి

కోనసీమలో కాలువ గట్టు మీద ఒక ఇల్లు అనుకుందాం. ఇంట్లో అత్తగారు, కొడుకు, కోడలు ఉన్నారు. కోడలికి థైరాయిడ్ తగ్గింది. డాక్టరమ్మ 50 మాత్ర రాసింది. నాలుగు నెలలు వేసుకుంది. నీరసం పోయింది. ముఖం తేటపడింది. "బాగానే ఉన్నాను కదా" అని మాత్ర ఆపేసింది.

కొన్నాళ్లకు ఆమె నెల తప్పింది. నర్సమ్మ ఇంటికి వచ్చింది.

"ఏమ్మా, థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నావా?"

"లేదండి. బాగానే ఉంది కదా అని ఆపేశానండి."

అత్తగారు అందుకుంది. "కడుపుతో ఉన్న పిల్లకి ఈ మందులన్నీ ఎందుకమ్మా? వేడి చేయదూ? లోపల బిడ్డకి ఏమవుతుందో!"

"మామ్మగారూ, కాలువ నీరొచ్చింది. మీ చేను పచ్చబడింది. పచ్చబడింది కదా అని తూము మూసేస్తారా అండి?"

"ఎందుకు మూస్తాం? ఎండిపోదూ!"

"ఆయ్. ఇదీ అంతేనండి. మాత్ర వేసుకుంది కాబట్టి బాగుంది. మొదటి మూడు నెలలు లోపలి బిడ్డకి సొంత థైరాయిడ్ పని చేయదండి. అమ్మ ఒంట్లోని రసమే బిడ్డకి అందాలి. బిడ్డ మెదడు ఎదిగేది దానితోనే. అది చాలకపోతే గర్భం పోవచ్చు. నెలలు నిండకుండా కాన్పు రావచ్చు. బిడ్డ తెలివితేటలకు దెబ్బ తగలొచ్చు."

అత్తగారు కాసేపు మాట్లాడలేదు. తరువాత కొడుకుని కేకేసింది. "ఒరేయ్, రేపు పనికెళ్లొద్దు. కోడలిని ఆసుపత్రికి తీసుకెళ్లు."

ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేశారు. కడుపుతో ఉన్నప్పుడు ఈ రసం ఇంకా ఎక్కువ కావాలి. డాక్టరమ్మ ఈసారి 75 మాత్ర రాసింది. నాలుగు వారాలకు మళ్లీ పరీక్షకు రమ్మంది.

మర్నాడు తెల్లవారింది. అత్తగారే గూట్లోంచి మందు తీసింది. మంచినీళ్లతో కోడలి చేతికిచ్చింది. కోడలు సీసా తిప్పి చూసింది.

"అత్తా, ఇది పాతది. దీని మీద 50 ఉంది. చీటీలో 75 ఉంది."

"రెండు సీసాలూ ఒకేలా ఉన్నాయే! నాకేం తెలుసు?"

కోడలు కొత్త సీసా తీసింది. చీటీతో పోల్చి చూసింది. అంకె సరిపోయింది. మాత్ర వేసుకుంది. పాత సీసాను విడిగా పెట్టింది.

అత్తగారు అదంతా చూసింది. "అమ్మాయ్, ఆ అంకెలేవో సాయంత్రం నాకూ చెప్పవే" అంది.

అంకెలు చదవండి

ఈ మందును గ్రాముల్లో కొలవరు. మైక్రోగ్రాముల్లో కొలుస్తారు. మైక్రోగ్రాము అంటే ఎంత?

ఒక గ్రాములో 1,000 మిల్లీగ్రాములు. ఒక మిల్లీగ్రాములో 1,000 మైక్రోగ్రాములు. అంటే ఒక్క గ్రాము మందుతో 100 మైక్రోగ్రాముల మాత్రలు 10,000 చేయవచ్చు. రోజుకొకటి వేసుకుంటే 27 ఏళ్లు వస్తాయి! మందు ఇంత కొంచెం కాబట్టే చిన్న తేడా కూడా ఒంటికి తెలుస్తుంది.

మాత్రలు 12.5, 25, 50, 75, 100, 125 ఇలా రకరకాల బలాల్లో వస్తాయి. ఈ రెండు అంకెలు చూడండి.

12.5
125

తేడా ఏమిటి? మధ్యలో ఒక చుక్క. ఆ చుక్క ఉంటే పన్నెండున్నర. చుక్క లేకపోతే నూట ఇరవై ఐదు. ఒకటికి పది రెట్లు! గుండె జబ్బు ఉన్నవాళ్లకు, పెద్ద వయసు వాళ్లకు డాక్టరు తక్కువ బలంతో మొదలుపెడతారు. వాళ్లు పది రెట్లు మింగితే గుండెకు ప్రమాదం.

25, 125 కూడా చూడండి. ముందున్న 1 చూడకపోతే ఐదు రెట్లు తేడా వస్తుంది.

సీసా మీద మందు పేరు ఇంగ్లీషులో ఉంటుంది. అది చదవలేకపోయినా అంకెలు చదవగలం. మందుల షాపులోనే చీటీలో ఉన్న అంకె, సీసా మీద ఉన్న అంకె పోల్చి చూడండి. గడువు తేదీ కూడా చూడండి. నెల, సంవత్సరం ఉంటాయి. గడువు దాటితే తీసుకోవద్దు. అంకె తేడాగా ఉంటే అడగండి. అడగడానికి మొహమాటం వద్దు. మింగేది మనం.

మాత్ర వేసుకునే పద్ధతి

పొద్దున్నే లేవగానే వేసుకోవాలి. పరగడుపున వేసుకోవాలి. మంచినీళ్లతోనే మింగాలి. కాఫీతో వద్దు. టీతో వద్దు. పాలతో వద్దు.

మాత్ర వేసుకున్న అర గంట నుంచి గంట దాకా ఏమీ తినకూడదు, తాగకూడదు. గంట ఆగితే మరీ మంచిది. కడుపులో తిండి ఉంటే మందు సరిగా ఒంటికి పట్టదు. కాఫీ కూడా మందును పట్టనివ్వదు. "రోజూ మాత్ర వేసుకుంటున్నా తగ్గలేదు" అనేవాళ్లు ముందు ఈ సంగతి చూసుకోవాలి.

రోజూ ఒకే వేళకు వేసుకోవాలి. నాట్లకు, కోతలకు చీకటితోనే వెళ్లేవాళ్లు ఏం చేయాలి? లేవగానే ముందు మాత్ర వేసుకోవాలి. తరువాత వాకిలి ఊడ్చి, ముగ్గు పెట్టి, వంట చేసుకోవాలి. ఆ తరువాత చద్దన్నం తినాలి. అప్పటికి గంట అవుతుంది. అలా కుదరకపోతే డాక్టరును అడిగి రాత్రి పడుకునే ముందు వేసుకోవచ్చు. అప్పుడు అన్నం తిని మూడు గంటలు దాటాలి.

కార్తీక మాసం ఉపవాసం ఉన్నా మాత్ర మానకూడదు. మాత్ర తిండి కాదు, మందు. రంజాన్ నెలలో ఉపవాసం ఉండే అక్కచెల్లెళ్లు సహరీకి గంట ముందు వేసుకోవచ్చు. ఏ వేళ మంచిదో నెల మొదలయ్యే ముందే డాక్టరును అడగాలి.

ఐరన్, కాల్షియం మాత్రలతో జాగ్రత్త

కడుపుతో ఉన్నవాళ్లకు నర్సమ్మ ఐరన్ మాత్రలు ఇస్తుంది. రక్తం పట్టడానికి అవి కావాలి. ఎముకల బలానికి కాల్షియం మాత్రలు ఇస్తుంది. అవీ కావాలి. కాని థైరాయిడ్ మాత్రతో కలిపి వేసుకోకూడదు. కలిస్తే కడుపులోనే థైరాయిడ్ మందును పట్టేసుకుంటాయి. అది రక్తంలోకి వెళ్లదు.

మధ్యలో నాలుగు గంటలు తేడా ఉండాలి. ఐరన్, కాల్షియం కూడా ఒకదానితో ఒకటి కలపకూడదు. రోజును ఇలా పంచుకోవచ్చు.

ఉదయం 6 గంటలకు: థైరాయిడ్ మాత్ర, మంచినీళ్లు.
7 గంటలకు: కాఫీ, టిఫిను.
మధ్యాహ్నం అన్నం తిన్నాక: కాల్షియం మాత్ర.
సాయంత్రం 5 గంటలకు: ఐరన్ మాత్ర.
రాత్రి అన్నం తిన్నాక: రెండో కాల్షియం మాత్ర.

మీకు ఏ మాత్ర ఎప్పుడో నర్సమ్మ చేత కాగితం మీద రాయించుకోండి. గోడకు అంటించండి. కడుపు మంటకు వాడే మందులకు కూడా నాలుగు గంటల తేడా మంచిది.

మరిచిపోతే?

పొద్దున్న మరిచిపోయారు. అదే రోజు గుర్తొచ్చింది. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు వేసుకోండి. మర్నాడు గుర్తొస్తే ఆ రోజు మాత్ర ఒక్కటే వేసుకోండి. డాక్టరు చెప్పకుండా రెండు కలిపి మింగవద్దు.

ఈ మందు ఒంట్లో చాలా రోజులు నిలుస్తుంది. సగం మందు తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. అందుకని ఒక్క రోజు తప్పితే భయం లేదు. కాని అందులోనే ఒక మోసం ఉంది. మాత్ర ఆపేసిన వెంటనే ఏమీ తెలియదు. "ఆపినా బాగానే ఉంది" అనిపిస్తుంది. వారాలు గడిచాక జబ్బు మెల్లగా తిరిగి వస్తుంది.

వరద వస్తే?

మన డెల్టాకు వరద కొత్త కాదు. 1986 ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చింది. 1996 నవంబరులో కోనసీమను తుఫాను ముంచింది. 2022 జులైలో లంక గ్రామాలు మళ్లీ నీళ్లలో చిక్కుకున్నాయి. అలాంటప్పుడు మందుల షాపు ఉండదు. పడవ ఎప్పుడు వస్తుందో తెలియదు.

అందుకే వానాకాలంలో నెలకు సరిపడా మాత్రలు ముందే తెచ్చుకోవాలి. మందు, చీటీ రెండూ ప్లాస్టిక్ కవరులో కట్టి పెట్టుకోవాలి. రేషను కార్డు, ఆధార్ కార్డు ఉన్న సంచిలోనే అవీ ఉండాలి. ఊరు వదిలి వెళ్లాల్సి వస్తే ఒక్క సంచి తీసుకుంటే చాలు. నీళ్లలో తడిసిన మాత్రలు వాడవద్దు.

మామూలు రోజుల్లో కూడా మందును ఎండ, వేడి, తేమ తగలకుండా దాచాలి. పొయ్యి పక్కన వద్దు. కిటికీలో వద్దు. స్నానాల గదిలో వద్దు. పిల్లలకు అందే చోట అసలు వద్దు.

ఎక్కువైతే ఏమవుతుంది?

గుండె దడదడలాడుతుంది. చేతులు వణుకుతాయి. చెమట ఎక్కువ పోస్తుంది. నిద్ర పట్టదు. విరేచనాలు అవుతాయి. ఉన్నట్టుండి బరువు తగ్గుతుంది. ఏళ్ల తరబడి ఎక్కువైతే ఎముకలు పలచబడతాయి. ముట్టు ఆగిన ఆడవాళ్లకు ఈ ప్రమాదం ఎక్కువ.

ఇలా ఉంటే డాక్టరుకు చెప్పాలి. గుండెల్లో నొప్పి వచ్చినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయకూడదు. 108కి ఫోను చేయాలి. బాగా మగతగా ఉండి, ఒళ్లు చల్లబడితే అది కూడా ప్రమాదమే. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

సన్నబడటానికి ఈ మాత్ర వేసుకోకూడదు. "నాకు పని చేసింది, నువ్వూ వేసుకో వదినా" అని ఇవ్వకూడదు. ఒకరి కొలత ఇంకొకరికి సరిపోదు.

మళ్లీ పరీక్ష ఎప్పుడు?

మాత్ర మొదలుపెట్టినా, బలం మార్చినా 6 నుంచి 8 వారాలకు పరీక్ష చేయించాలి. అన్నీ సరిపోయాక ఆరు నెలలకో, ఏడాదికో ఒకసారి చాలు. కడుపుతో ఉంటే నాలుగు వారాలకొకసారి, సగం నెలలు నిండే దాకా. పరీక్ష చూడకుండా ఎవరైనా మాత్ర బలం పెంచితే, ఎందుకని అడగాలి.

జుట్టు రాలుతోందని కొందరు బయోటిన్ మాత్రలు వాడతారు. అవి పరీక్ష అంకెను తారుమారు చేస్తాయి. ఆ సంగతి ముందే చెప్పాలి. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు వాటిని ఆపాలి. కంపెనీ మారినా డాక్టరుకు చెప్పాలి.

వాళ్లూ వీళ్లూ అనే మాటలు

"థైరాయిడ్ ఉంటే క్యాబేజీ తినకూడదు." అలా ఏమీ లేదు. ఉడికించి, మామూలుగా తినవచ్చు.

"పాలిచ్చే తల్లి ఈ మాత్ర వేసుకోకూడదు." తప్పు. వేసుకోవాలి. బిడ్డకు హాని లేదు.

"థైరాయిడ్ ఉన్న పిల్లకు పిల్లలు పుట్టరు." తప్పు. మాత్ర సరిగా వేసుకుంటే గర్భం నిలుస్తుంది. ఆరోగ్యమైన బిడ్డ పుడుతుంది. ఈ మాట చెప్పి పెళ్లి సంబంధాలు చెడగొట్టేవాళ్లున్నారు. వాళ్లకు ఈ పాఠం చదివి వినిపించండి.

"జీవితాంతం మందా!" చాలామందికి అవును. కాని అన్నం కూడా జీవితాంతమే తింటాం కదా! కొందరికి మాత్రం కొంతకాలం చాలు. ఎవరికి చాలో డాక్టరే చెప్పాలి.

పుట్టిన బిడ్డకు ఈ లోపం ఉంటే పైకి కనిపించకపోవచ్చు. మడమ దగ్గర ఒక చుక్క రక్తం తీసి పరీక్షిస్తే తెలుస్తుంది. రెండు వారాల లోపు మందు మొదలుపెడితే బిడ్డ మెదడు చక్కగా ఎదుగుతుంది. కాన్పు అయిన చోట ఈ పరీక్ష గురించి అడగండి.

గుర్తుంచుకోండి

1. పొద్దున్నే, పరగడుపున, మంచినీళ్లతో.
2. గంట ఆగి కాఫీ, టిఫిను.
3. ఐరన్, కాల్షియం నాలుగు గంటల తరువాత.
4. బాగుందని ఆపవద్దు. కడుపుతో ఉంటే అసలు ఆపవద్దు. వెంటనే డాక్టరుకు చెప్పాలి.
5. చీటీ మీద అంకె, సీసా మీద అంకె ఒకటే ఉండాలి.

ఆలోచించండి, చెప్పండి

1. టి.ఎస్.హెచ్. అంకె పెరిగితే థైరాయిడ్ రసం పెరిగినట్టా, తగ్గినట్టా?
2. కోడలు మాత్ర ఎందుకు ఆపేసింది? నర్సమ్మ ఏమని చెప్పింది?
3. 12.5కి, 125కి తేడా ఎంత?
4. మీ ఊళ్లో నీరసాన్ని బద్ధకం అని తిట్టించుకునే ఆడవాళ్లు ఉన్నారా? వాళ్లకు మీరేం చెబుతారు?

చేయండి

ఒక కాగితం తీసుకోండి. మీకు గాని, మీ ఇంట్లో వాళ్లకు గాని థైరాయిడ్ మాత్ర ఉంటే ఈ వివరాలు మీ చేత్తో రాయండి.

పేరు:
మాత్ర మీద ఉన్న అంకె:
వేసుకునే వేళ:
కిందటి పరీక్ష తేదీ:
మళ్లీ పరీక్ష తేదీ:

ఎప్పుడు ఆసుపత్రికి వెళ్లినా ఈ కాగితం వెంట తీసుకెళ్లండి. డాక్టరుకు చూపించండి.